ఒక్కసారే అడిగే ఊళ్లో చెక్ భోజనం

మన సంఘం పత్రికకు నేను రాయడం ఇది నాలుగోసారి. ముందు రాసిన మూడింటికీ ఇంతవరకు జవాబు లేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం సంగతేమిటో చెబుతాను. ప్రతి ఉగాదికీ మనం ఒక స్కూల్ కెఫెటేరియా తీసుకుంటాం. పాటలూ డాన్సులూ అయ్యాక నాలుగు వందల మందిమి ఫాయిల్ ట్రేల ముందు లైన్ కడతాం. ఒకే ప్లేటులో పులిహోర మీద గుత్తి వంకాయ, దాని మీద బొబ్బట్టు పడుతుంది. కోట్లు పెట్టిన కుర్చీల పక్కన నిలబడి తింటాం. ఏడాదికి ఒక్క పూటైనా అందరినీ వరసల్లో కూర్చోబెట్టి, ముందు ఆకు వేసి, వడ్డించి పెడదామని నేను మూడేళ్లుగా అడుగుతున్నాను. మొదటి ఉత్తరాన్ని సగం కోసి వేశారు. రెండోదాని గురించి కార్యదర్శి శ్రీధర్ గారు ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర కనిపించి, "చూద్దామండీ" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయారు. మూడోదానికి వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ వచ్చింది. వార్షిక సమావేశంలో లేచి అడిగితే ఆయనే, "వడ్డించడానికి ఎవరొస్తారండీ, మన ఇంజనీర్లు బకెట్లు మోస్తారా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

అందుకే ఈసారి ఉత్తరం రాయడం లేదు. యాత్రా కథనం రాస్తున్నాను. యాత్రా కథనాలైతే కోయకుండా వేస్తారు కదా.

షికాగో అంచున

మా అమ్మాయి కీర్తనకు అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో ఉద్యోగం వచ్చి ఏడాదైంది. పోయిన అక్టోబరులో ఫోన్ చేసి, "నాన్నా, ఇక్కడ దగ్గర్లో ఒక చర్చ్ ఉంది. ఎవ్రీ ఫాల్ చెక్ డిన్నర్ పెడతారు. అందరినీ కూచోబెట్టి సర్వ్ చేస్తారు. నీకు చాలా నచ్చుతుంది, లేకపోతే కంప్లైంట్ చేస్తావ్. ఎలా అయినా రా," అంది. కూర్చోబెట్టి వడ్డిస్తారు అన్న మాట చెవిన పడ్డాక నేనిక ఆగలేదు. శుక్రవారం సెలవు పెట్టి, నేనూ మా ఆవిడ సుజాతా ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి తెల్లారేసరికి బయల్దేరాం.

షికాగోకు పశ్చిమాన ఒకప్పుడు చెక్ దేశం నుంచి వచ్చిన కుటుంబాలు నిండుగా ఉన్న పేట ఒకటుంది. ఇప్పుడు అక్కడ మిగిలినవి రెండు మూడు దుకాణాలే. అందులో ఒక బేకరీ ముందు ఆగాం. లోపల వెన్న, కాగిన పాలు, నేరేడు రంగు పళ్ల పాకం వాసన. నేను గాజు బీరువాకు ముక్కు ఆనించి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నా తర్వాత వచ్చిన ఆరుగురు పొట్లాలు కట్టించుకుని వెళ్లిపోయారు. నా రంగు చూసి పలకరించడం లేదనుకుని, గట్టిగా అడగడానికి గొంతు సవరించుకున్నాను. అప్పుడు కౌంటరులో ఉన్న పెద్దావిడ నా వెనక గోడకున్న ఎర్రటి యంత్రాన్ని చూపించింది. అందులోంచి నంబరు చీటీ లాక్కోవాలట. తలుపు దగ్గర రాసి పెడితే ఏం పోయింది అని అడిగాను. రాసే ఉందని సుజాత చూపించింది. అక్షరాలు చిన్నవి.

కొలాచే అంటే అరచేతిలో పట్టే గుండ్రటి మెత్తటి రొట్టె. మధ్యలో గుంట చేసి తీపి నింపి కాలుస్తారు. ఒక్కోటి రెండు డాలర్ల లోపే. ఎండిన నల్లటి ప్లమ్ పళ్ల ముద్దది ఒకటి, తియ్యటి జున్నుది ఒకటి, గసగసాలది ఒకటి తీసుకున్నాం. గసగసాలు వాళ్లవి నల్లగా, నీలంగా ఉంటాయి. మనం కూరలో చెంచాడు నూరి వేస్తాం. వాళ్లు పాలలో ఉడికించి గుప్పెడు కూరుతారు.

"ఇన్ని గసగసాలు తిని స్టీరింగ్ పట్టుకుంటారా మీరు?" అంది సుజాత.

తిన్నాను. కారు ఎక్కకముందే వెనక్కి వెళ్లి ఇంకో ఆరు తెచ్చాను. ఈసారి నంబరు తీసుకున్నాను.

సీడర్ రాపిడ్స్

మర్నాడు మధ్యాహ్నం కీర్తన మమ్మల్ని చెక్ పేట అని పిలిచే వీధికి తీసుకెళ్లింది. దుకాణాల మీద పేర్లు నోరు తిరగనివి. లోపల మాట్లాడేవాళ్లు మాత్రం అచ్చమైన అయోవా ఇంగ్లీషు. వాళ్ల ముత్తాతలు వచ్చి నూరేళ్లు దాటింది. భాష పోయింది, వంట ఉంది. ఒక చిన్న హోటల్లో వెల్లుల్లి చారు తాగాం. పచ్చి వెల్లుల్లి ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జలుబు చేస్తే ఇంట్లో పెట్టే మిరియాల చారుకు స్వయానా అన్నలాంటిది. దాంతో బంగాళాదుంప తురిమి వేసిన అట్టు తెచ్చారు. అంచులు కరకరలాడుతూ, నడుమ దిబ్బరొట్టెలా మెత్తగా ఉంది. పచ్చడి అడిగితే పుల్ల మీగడ ఇచ్చారు. బ్యాగులో ఉన్న గోంగూర సీసా తీయబోతే కీర్తన నా చెయ్యి పట్టుకుంది.

సుజాత మాంసం తినదు. కోడిగుడ్డు దాకా వస్తుంది. ఆమె కోసం పళ్ల కుడుములు చెప్పాం. పిండిలో ప్లమ్ పండు పెట్టి ఉడికించి, కరిగిన వెన్న, పంచదార, పొడి జున్ను చల్లి పళ్లెం నిండా తెచ్చారు. భోజనం తర్వాత తెమ్మంటే భోజనమే ఇది అంది వడ్డించే అమ్మాయి. మనం ఆకు మూల తీపి పెట్టి మొదలుపెడతాం కానీ, మొత్తం పూటే తీపి కావడం నేనెక్కడా చూడలేదు. సుజాత వరసగా ఐదు తిన్నది. ఆరోదాన్ని నా వైపు జరిపి, మళ్లీ తనే తీసుకుంది.

చర్చి హాలు

ఆదివారం అసలు సంగతి. ఊరికి ముప్పై మైళ్ల అవతల, కోతలైన మొక్కజొన్న చేల మధ్య చిన్న గ్రామం. చర్చి కింద నేలమాళిగలో హాలు. టికెట్ పద్దెనిమిది డాలర్లు. పంక్తికి నూటయాభై మంది చొప్పున మూడు పంక్తులు. సరిగ్గానే చదివారు, వాళ్లు సీటింగ్ అనేది మన పంక్తినే. మొదటి పంక్తి లేచాక బల్లల మీద కాగితం తీసేసి కొత్త కాగితం పరిచారు. నేను సుజాత మోచెయ్యి పొడిచాను. "చూస్తున్నాను, చూస్తున్నాను," అంది.

మాది రెండో పంక్తి, నాలుగో బల్ల. ఫాదర్ ప్రార్థన చెప్పేదాకా ఎవరూ చెంచా ముట్టలేదు. తర్వాత వంటగది తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకుని, ఏప్రన్లు కట్టుకున్న జనం బయటికి వచ్చారు. మా బల్లకు గ్రేవీ జగ్గు పట్టుకొచ్చినాయన ఆ చుట్టుపక్కల పది ఊళ్లకు పశువుల డాక్టర్. ఖాళీ పళ్లేలు తీస్తున్నావిడ బ్యాంకు మేనేజరు. నేను అడిగి తెలుసుకుని చీటీ మీద రాసుకున్నాను. మన సమావేశంలో నవ్వినవాళ్ల కోసమే రాసుకున్నాను.

వేయించిన బాతు వచ్చింది. చర్మం అప్పడంలా విరుగుతోంది, కింద మాంసం వేలితో తాకితే వదులుతోంది. మా పశ్చిమ గోదావరిలో కోతలయ్యాక పొలాల్లో బాతుల మందలు తిరుగుతాయి. బాతు రుచి తెలిసినవాణ్ని కనుక ధైర్యంగా చెబుతున్నాను, ఇలాంటిది తినలేదు. పక్కన తీపీ పులుపూ కలిసిన క్యాబేజీ. అందులో జీలకర్ర అనుకుని కొరికింది సీమ జీలకర్ర. దాన్ని పంది కొవ్వులో వేయిస్తారని తెలిసి సుజాత గరిటె వెనక్కి పెట్టింది. అది చూసిన ఒక ముసలావిడ లోపలికి వెళ్లి చిన్న గిన్నె తెచ్చింది. కొవ్వు తినని కోడలెవరికో విడిగా వండారట. ఆవిడ పేరు మార్లీన్. ఎనభై ఒక్కేళ్లు. తెల్ల బూట్లు, మోకాళ్లు దాటిన ఏప్రన్. ఆ వంటగది మొత్తం ఆమె మాట మీద నడుస్తుంది.

ఇక నెడ్లీకి అనే కుడుము. ముంజేయంత పొడవు గోధుమపిండి ముద్దను కాగే నీళ్లలో ఉడికించి, ముక్కలు కోసి పెడతారు. మన ఆవిరి కుడుముకు దగ్గరి చుట్టం. ఉప్పూ కారం ఏమీ ఉండదు. గ్రేవీ పోస్తే దూదిలా పీల్చుకుని, నోట్లో పెట్టగానే ఆ బాతు రుచంతా తిరిగి ఇచ్చేస్తుంది. నాలుగు ముక్కలు తిన్నాను. అప్పుడే మార్లీన్ బాతు పళ్లెంతో రెండో విడత వచ్చింది. అందులో ఒకే ఒక్క కాలు మిగిలి ఉంది. "ఇంకా?" అని అడిగింది.

"వద్దు వద్దు, చాలు," అన్నాను.

ఆమె తల ఊపి, ఆ కాలును నా ఎదుటాయన ప్లేటులో పెట్టి వెళ్లిపోయింది.

నా చేతిలో ప్లేటు కాస్త ముందుకు జరిపి పట్టుకునే ఉన్నాను. అన్నం దగ్గర అలా వదిలేసి వెళ్లినవాళ్లను నేను ఇద్దరినే చూశాను. మొదటివాడు మా పెళ్లిలో సుజాత మేనమామ. అది జరిగి ఇరవై ఎనిమిదేళ్లు.

"ఆమె చేసింది బాగాలేదు," అన్నాను.

"నాన్నా, నువ్వే నో అన్నావ్ కదా," అంది కీర్తన.

"మర్యాదకు అంటాం. రెండోసారి అడగాలి."

"ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. నో అంటే నో. షీ వాజ్ బీయింగ్ పొలైట్."

ఎదుటాయన పేరు లియొనార్డ్, రైతు. నా చూపు ఆ కాలు మీదే ఉందని కనిపెట్టి పాపం కొంచెం పక్కకు తిరిగి తిన్నాడు.

వంటగది గుమ్మం

నేను లేచాను. "ఏమండీ, వద్దు," అని సుజాత అంటూనే ఉంది. వంటగది గుమ్మంలో నిలబడి మార్లీన్‌ను పిలిచి, నాకొక ఫిర్యాదు ఉందని ఇంగ్లీషులోనే చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని, తువ్వాలు పక్కన పెట్టి, ఎదురుగా వచ్చి నిలబడింది. చెప్పమంది.

మా ఇళ్లలో ఒకసారి అడిగితే అడిగినట్టు కాదని చెప్పాను.

"మరి ఎన్నిసార్లు అడగాలి?" అంది.

"తక్కువలో తక్కువ మూడు."

"మూడుసార్లూ వద్దంటే, నీకు కావాలని నాకెలా తెలుస్తుంది?"

"ప్లేటు వెనక్కి లాక్కోను. అది చూడాలి."

ఆమె నవ్వలేదు. "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. బాతు అయిపోయింది, దానికి నేనేం చేయలేను," అంది. తర్వాత గోడకున్న ఏప్రన్ తీసి నా మెడలో వేసింది. "గ్యారీకి తుంటి ఆపరేషన్ అయింది. నాలుగు, ఐదు, ఆరు బల్లలు అతనివి. మీ పద్ధతి ఎలా ఉంటుందో వడ్డించి చూపించు." నెడ్లీకి ముక్కలు నిండిన పెద్ద గిన్నె నా చేతుల్లో పెట్టింది.

మూడేళ్లుగా ఫిర్యాదు చేస్తున్నవాణ్ని. ఇక్కడ మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది, పని కూడా వచ్చింది. గిన్నె వేడికి అరచేతులు కాలుతున్నా దించలేదు.

రెండో పంక్తికి చివరి విడత నేనే తిప్పాను. మొదట లియొనార్డ్ దగ్గరికే వెళ్లాను. వద్దన్నాడు. ఒక్కటి అన్నాను. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మనవాళ్లు ఆకు మీద వంగి రెండు చేతులూ అడ్డం పెట్టినట్టే. ఆ సైగకు అర్థం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. చెయ్యి పక్కన చోటు చూసి ఒక ముక్క జార్చాను.

"నేను వద్దన్నాను," అన్నాడు.

"విన్నాను," అన్నాను.

అతను నన్ను చూశాడు, ముక్కను చూశాడు. పశువుల డాక్టర్ని పిలిచి గ్రేవీ పోయించుకున్నాడు.

దాంతో నాకు ఊపు వచ్చింది. ఐదో బల్ల దగ్గర ఒక ముసలాయనకు మీ కోడలు చేసిందట, ఒక్క ముక్క అని పెట్టాను. అతనికి కోడలు లేదని తర్వాత తెలిసింది. ఆరో బల్ల దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకరి ప్లేటులోది ఒకరికి తోసుకుంటూ నవ్వుతుంటే ఇద్దరికీ చెరొకటి వేశాను. ఎవరికీ నన్ను ఆపడం తెలియదు. ఒకసారి వద్దంటే ఊరుకోని మనిషిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. మూడో పంక్తికి కూడా మొదటి రెండు విడతలూ అదే జోరు. మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీస్తూ, "నాన్నా, దిస్ ఈజ్ అసాల్ట్," అని నవ్వుతోంది.

అప్పుడు తెలిసింది, తొమ్మిదో బల్లకూ పదో బల్లకూ నెడ్లీకి లేవని.

మార్లీన్ వచ్చి నా ఖాళీ గిన్నెలోకి చూసింది. "ఎప్పుడూ మనిషికి మూడు ముక్కల లెక్క. ఈ మూడు బల్లల వాళ్లు ఏడేసి తిన్నారు. ఏం చేశావు?"

"మూడుసార్లు అడిగాను," అన్నాను.

ఆమె కౌంటరు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగాక, పనిచేసినవాళ్లు ఆఖర్న తినడానికి దాచుకున్న నాలుగు పచ్చి ముద్దలు ఫ్రిజ్‌లోంచి తీసి కాగే నీళ్లలో వేసింది. ఇరవై నిమిషాలు పడుతుంది. అవి వాళ్ల భోజనమని తెలిసి నాకు తల ఎత్తాలనిపించలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నా బదులు వాళ్లలో ఎవరైనా చేసి ఉంటే నేను ఊరుకునేవాణ్ని కానని నాకు తెలుసు. సుజాత అప్పటికే చీర కొంగు బిగించి గిన్నెలు తోముతోంది. ఉడికిన ముద్దలు బయటికి తీశాక నా చేతికి కుట్టు దారం ఇచ్చారు. కత్తి పెడితే అణిగిపోతుందట. దారాన్ని ముద్ద కింద నుంచి తెచ్చి, పైన రెండు కొసలూ కత్తెరలా దాటించి లాగాలి. ముక్క అంచు చెదరకుండా విడిపోతుంది. మొదటి రెండూ వంకర పోయాయి. మూడోది సరిగ్గా తెగింది. దాన్ని ఫోటో తీయించుకున్నాను.

ఫ్రిజ్ మీది కాగితం

అందరూ వెళ్లాక, పనిచేసినవాళ్లతో కలిసి రొట్టె, మిగిలిన క్యాబేజీ తిన్నాం. అప్పుడు నేను అసలు ప్రశ్న అడిగాను. ఇంతమంది వడ్డించేవాళ్లు మీకు ఎలా దొరుకుతారు?

మార్లీన్ ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చూపించింది. ఒక్కో పని, పక్కన ఒక పేరు. దారం, డోరిస్. గ్రేవీ, డాక్టర్. ఉల్లిపాయలు తరగడం, ఫలానా ఇల్లు. వాలంటీర్లు కావాలని ఒక ఏడు చర్చి బోర్డు మీద ప్రకటన పెట్టారట. ఒక్కరూ రాలేదట.

"అందరినీ అడిగితే, ప్రతివాడూ పక్కవాణ్ని అడిగారనుకుంటాడు," అంది. "ఆగస్టులో కుర్చీ లాక్కుని ఫోన్ దగ్గర కూచుంటాను. ఒక్కొక్క ఇంటికీ చేసి, పేరు పెట్టి పిలిచి, ఒకే ఒక్క పని చెబుతాను. రా అని చెప్పను. నువ్వు ఉల్లిపాయలు అని చెబుతాను."

"వద్దంటే?"

"పక్కింటికి చేస్తాను. నేను మీలా మూడుసార్లు అడగను."

బయల్దేరేటప్పుడు కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టబోయింది. వద్దనబోయాను. కీర్తన నా కాలు తొక్కింది. థాంక్యూ అని రెండు చేతులా తీసుకున్నాను.

ఇంటికొచ్చాక

సోమవారం సాయంత్రం వంటింట్లో కుర్చీ వేసుకుని ఫోన్ తీశాను. వాలంటీర్లు కావాలని ఎవరితోనూ అనలేదు. పేరు పెట్టి పిలిచి ఒక్కొక్క పనే చెప్పాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ట్రాయ్‌లో ముప్పై ఇళ్లకు చేస్తే ఇరవై ఆరు ఇళ్లు సరేనన్నాయి. వద్దన్న నాలుగు ఇళ్లను నేను మన పద్ధతిలో అడిగాను. వాటిలో మూడు ఒప్పుకున్నాయి. పద్ధతి వాళ్లదైనా పట్టు మీది అంది సుజాత. ట్రాయ్‌లో బ్రేకుల డిజైన్ చేసే ఒకాయన సాంబారు బకెట్ తనకే కావాలని, ఇంకెవరికైనా ఇస్తే ఊరుకోనని చెప్పాడు. సమావేశంలో నవ్వినవాళ్లలో ఆయన మొదటి వరస. ఆకులు వేయడం ఇద్దరు మాస్టర్స్ చదివే పిల్లలు, మంచినీళ్లు ఒక పళ్ల డాక్టర్ గారు. పంక్తికి నూట ముప్పై మంది, మూడు పంక్తులు. ఆకుల గురించి స్టోర్ వాళ్లతో మాట్లాడాను. తెప్పిస్తామన్నారు.

మిగిలింది ఒక్కటే. హాలు సంఘం పేరు మీద ఉంటుంది కనుక సంఘం ఒప్పుకోవాలి. శ్రీధర్ గారూ, ఇది మీకే రాస్తున్నాను. పనుల కాగితం మీ ఈమెయిల్‌కు పంపాను. అందులో నెయ్యి ఇంకెవరికీ ఇవ్వలేదు. నెయ్యి ఎదురుగా మీ పేరు రాశాను. మంగళవారం మీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఈ పత్రిక వచ్చిన ఆదివారం ఉదయం పదింటికి మళ్లీ చేస్తాను. చూద్దామండీ అనకుండా, వడ్డిస్తారో వడ్డించరో చెప్పండి.